తిట్లు రౌటరుకు, తప్పు నీది

మా హాల్లో టీవీ బల్ల వెనక, స్విచ్చుబోర్డును కరుచుకుని ఉన్న నల్ల అడాప్టరుకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే కానీ ఆ మాట మన మధ్య చెల్లదు. నీకు కుశలం లేదు, నీ మూలంగా మాకూ లేదు. ఈ ఉత్తరం రౌటరుకు రాయాల్సిందని ఇంట్లో వాళ్లంటారు. దానికైతే రెండు కొమ్ములున్నాయి, మిణుకు మిణుకుమనే దీపాలున్నాయి, తిట్టడానికి ఒక ముఖమంటూ ఉంది. నీకేముంది? నల్ల డబ్బా, ఒక తీగ, చదవాలంటే భూతద్దం పట్టాల్సినంత చిన్న అక్షరాలు. నేరస్థుడు ఎప్పుడూ ఇలాగే సాదాసీదాగా ఉంటాడు కాబట్టి లేఖ నీ పేరనే రాస్తున్నాను. నలుగురూ చదవాలని బహిరంగంగా రాస్తున్నాను.

నీ లీలలు మొదట చెప్పుకుందాం. మాది హోసూరు. ఇక్కడ సగం ఇళ్లకు బెంగళూరే జీతం ఇస్తుంది. మా అబ్బాయి ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీలో. వారంలో కొన్ని రోజులు అత్తిబెలె గేటు దగ్గర ట్రాఫిక్కులో, మిగతా రోజులు మా ముందుగదిలో కూర్చుని పని చేస్తాడు. వాడు మీటింగులో నోరు తెరిచి ఏదో చెప్పబోయే వేళకు రౌటరు దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోతాయి. క్షణం ఆగి పవర్ దీపం వెలుగుతుంది. తర్వాత పాన్ అని రాసి ఉన్న ఫైబర్ దీపం కొట్టుకుంటుంది. ఆఖరున వైఫై దీపం వస్తుంది. ఈ తతంగం పూర్తయ్యేసరికి మీటింగులో వాడి మాట ఇంకెవరో చెప్పేసి ఉంటారు. సాయంత్రం మా అత్త సీరియల్లో అసలు రహస్యం బయటపడే ఘట్టంలోనూ ఇదే తంతు. "ఏమప్పా, మళ్లా పోయినాదా?" అని ఆమె అడిగితే అది రౌటరును కాదు, నన్ను తిట్టినట్టు ఉంటుంది.

ఇక వైద్యం. హోసూరులో ఉన్న సుఖమేమిటంటే ఏ గోడైనా మూడు భాషల్లో వెళ్లబోసుకోవచ్చు. ఇంటర్నెట్ కంపెనీ నంబరుకు ఫోను చేస్తే అరవంలో "ఆఫ్ పణ్ణి ఆన్ పణ్ణుంగ" అన్నారు. పక్కింటి కన్నడ ఆయన "ఆఫ్ మాడి ఆన్ మాడి" అన్నాడు. కేబుల్ అన్న మనవాడే కాబట్టి తెలుగులో "ఆఫ్ చేసి ఆన్ చేయండన్నా" అన్నాడు. ఆ పని రౌటరు మమ్మల్ని అడక్కుండా తనే చేసుకుంటోంది, అదే కదయ్యా మా గోడు! అయినా వాళ్లననీ ప్రయోజనం లేదు. 2018 మే నెలలో వీపీఎన్‌ఫిల్టర్ అనే దొంగ ప్రోగ్రాం 54 దేశాల్లో 5 లక్షలకు పైగా రౌటర్లలో చొరబడితే, అమెరికా ఎఫ్‌బీఐ అంతటిది కూడా ప్రజలకు మొదట చెప్పిన మాట, మీ రౌటర్లను ఒకసారి ఆపి మళ్లీ వేయండి అనే. ఆపి వేస్తే చాలా జబ్బులు తాత్కాలికంగా తగ్గుతాయి. ఆపి వేయడమే జబ్బైనప్పుడు మాత్రం ఆ మందు పనిచేయదు.

నిన్ను పట్టుకోవడం అంత తేలిక కాలేదు. ఆ క్రెడిట్ నీకివ్వాలి.

నెట్టు పోయిందనే మాట కింద మూడు వేరువేరు జబ్బులున్నాయి. ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న దగ్గర ఎర్రదీపం వెలిగితే ఫైబర్ తెగింది, లేదా ఎక్కడో మడత పడి వెలుగు రావడం లేదు. బాగలూరు రోడ్డులోనో రాయకోట రోడ్డులోనో ఎవరో తవ్వుతున్నారన్నమాట. దీపాలన్నీ పచ్చగా, బుద్ధిగా వెలుగుతూ పేజీ మాత్రం తెరుచుకోకపోతే తప్పు చాలావరకు కంపెనీ వైపు. అన్నీ ఆరిపోయి, ఒకదాని తర్వాత ఒకటిగా మళ్లీ వస్తే అది రీబూట్. కంపెనీకి ఫోను చేసేవాళ్లలో చాలామంది మూడింటికీ "నెట్టు రావడం లేదు" అనే చెబుతారు. మొదటిదానికి వైరు మనిషి రావాలి, రెండోదానికి ఓపిక కావాలి, మూడోదానికి నీ ముఖం చూడాలి. దీపాలు చూసే తీరిక లేకపోతే కంప్యూటరు బ్రౌజరులో, చాలా రౌటర్లకు చిరునామా అయిన 192.168.1.1 కొట్టి లోపలికి వెళ్తే రౌటరు ఎంతసేపటినుంచి నిద్ర లేచి ఉందో ఒక మూల కనిపిస్తుంది. నెల రోజులుగా కదలని పెట్టె అక్కడ ఇరవై నిమిషాలని చూపిస్తే ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

ఆ పెట్టె లోపల లాగ్ అని ఒక చిట్టా ఉంటుంది. అందులో దొరికిపోతావనుకున్నాను. తెరిస్తే ప్రతి వాక్యం ముందూ 1970 జనవరి 1 అని ఉంది! గడియారాల కంపెనీ టైటాన్ 1984లో పుట్టింది, దాని తొలి ఫ్యాక్టరీ మా ఊళ్లోనే వచ్చింది. అలాంటి హోసూరులో కూర్చుని ఈ పెట్టె 1970 అంటుంది. దాని తప్పు కాదులే. ఈ పెట్టెల్లో చాలావాటికి లోపల బ్యాటరీ గడియారం ఉండదు. కరెంటు పోగానే కాలం మర్చిపోతాయి. లేచాక ఇంటర్నెట్‌ను అడిగి టైము సరిచేసుకునేదాకా, యూనిక్స్ వ్యవస్థ లెక్క మొదలయ్యే ఆ తేదీనే పట్టుకుని ఉంటాయి. చిట్టా కూడా తాత్కాలిక మెమరీలోనే రాసుకుంటాయి కాబట్టి పడిపోయే ముందు క్షణంలో ఏం జరిగిందో లేచాక మిగలదు. నువ్వు చేసిన పనికి సాక్ష్యం నీతోపాటే చెరిగిపోతుంది. ఎంత తెలివి!

అందుకని మా కోడలు పాల లెక్క రాసే నోటుబుక్కులో ఒక పేజీ నీకు కేటాయించింది. నెట్టు పోయినప్పుడల్లా టైము, ఆ సమయంలో ఇంట్లో ఏం నడుస్తోంది, అంతే. ఈ పద్ధతి చాలా పాతది, చాలా పదునైనది. వేల్స్ దేశంలో అబర్‌హోసన్ అనే పల్లెలో ఏడాదిన్నరపాటు రోజూ ఉదయం ఏడింటికి ఊరందరి బ్రాడ్‌బ్యాండ్ పడిపోయేది. కేబుళ్లు మార్చినా లాభం లేకపోయింది. చివరికి ఇంజినీర్లు విద్యుత్ తరంగాలను కొలిచే పరికరం పట్టుకుని తెల్లవారుజామున ఊళ్లో తిరిగితే, ఒక ఇంట్లో ఉదయం ఏడింటికి వేసుకునే పాత టీవీ దగ్గర గుట్టు తేలింది. 2020 సెప్టెంబరులో ఈ సంగతి లోకమంతా పత్రికల్లో చదివింది. వాళ్లది రాగితీగ, మనది గాజుపోగు. వెలుగు మీద ఆ టీవీ తరంగాల అల్లరి సాగదు. కానీ ఏడింటికి అనే ఆ ఒక్క ముక్కే లేకపోతే వాళ్లకూ దారి దొరికేది కాదు.

మా నోటుబుక్కులో రెండు వరసలు తేలాయి. ఒకటి, రాత్రి భోజనాల వేళ అందరి ఫోన్లూ, టీవీ, కంప్యూటరూ ఒకేసారి నెట్టు లాగుతున్నప్పుడు. రెండోది, ఉదయం సంపునుంచి మేడ మీదకు నీళ్లెక్కించడానికి మోటరు వేసిన క్షణంలో, లేదా కరెంటు పోయి ఇన్వర్టరు అందుకున్న క్షణంలో. ఒకదానికొకటి పొంతనలేని రెండు వేళలు. దెయ్యమనుకునేవాళ్లు ఇక్కడే దెయ్యమనుకుంటారు.

మొదటి వరస చూసి సాఫ్ట్‌వేరనుకున్నాం. ఆ అనుమానం అన్యాయమైంది కాదు. ఈ పెట్టెల్లో వాచ్‌డాగ్ అనే కాపలా టైమరు ఒకటుంటుంది. లోపలి ప్రోగ్రాం కొద్ది కొద్ది సేపటికీ "ఉన్నాను" అని దానికి చెబుతుండాలి. చెప్పలేదంటే చిక్కుపడిపోయిందని తీర్మానించి అదే రీబూట్ కొట్టేస్తుంది. 1997 జులై 4న అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ నౌకకు ఇదే జరిగింది. వాతావరణం లెక్కలు చూసే చిన్న పని పట్టుకుని కూర్చున్న తాళం కోసం, అంతకంటే ముఖ్యమైన పని ఎదురుచూస్తూ ఆగిపోవడం, కాపలా టైమరు కంప్యూటరును మళ్లీ మళ్లీ మొదలుపెట్టడం. భూమి మీద దాని కవల యంత్రంలో అదే లోపాన్ని రప్పించి పట్టుకుని, ఇక్కడినుంచే సరిచేశారు. కోట్ల మైళ్ల అవతల దాన్ని బాగుచేయగలిగారు గానీ హోసూరులో మా రౌటరును మాత్రం కంపెనీ మనిషి కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించి, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి, ఆ తర్వాత కూడా బాగుచేయలేకపోయాడు. చివరికి కొత్త రౌటరే తెచ్చి బిగించాడు.

అదీ రీబూట్ అయింది.

ఆ రోజు సాయంత్రం ఎదురింటి మామ వచ్చాడు. సిప్‌కాట్ పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీ మెయింటెనెన్సులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఎవరింట్లో ఏ మిషను మొరాయించినా పిలవకుండానే వస్తాడు. రౌటరు వైపు చూడనైనా చూడలేదు. బల్ల వెనక్కి వంగి చూసి నన్నడిగాడు: "పెట్టె మార్చినారు సరే. తోక మార్చినారా?"

మార్చలేదు. బల్ల జరపడం కష్టమని కంపెనీ కుర్రాడు పాత అడాప్టరు తీగనే కొత్త రౌటరుకు గుచ్చి వెళ్లాడు. నిన్ను అలాగే వదిలేశాడు.

మామ మల్టీమీటరు తెచ్చాడు. నీ తీగను రౌటరునుంచి పీకి కొసను కొలిస్తే నిక్కచ్చిగా 12 వోల్టులు చూపించావు. నేను నీ మీద అనుమానం వదిలేసుకోబోయాను. మామ నవ్వాడు. "పనిలేనప్పుడు అందరూ పన్నెండేనప్పా. బరువెత్తినాక చూడల్ల." నిన్ను మళ్లీ గుచ్చి, తీగకు ఒకచోట పై పూత రవ్వంత గీకి, రౌటరు నడుస్తుండగానే కొలిచాడు. పిల్లల్ని తలా ఒక ఫోనూ తీసుకుని వీడియోలు పెట్టమన్నాడు. అంకె పదకొండుకు దిగింది, పదిన్నరకు దిగింది. మోటరు స్విచ్చి వేయమన్నాడు. మీటరు ఒక్క క్షణం ఎనిమిది దగ్గర తచ్చాడింది, దీపాలన్నీ ఆరిపోయాయి. మా అత్త లోపలినుంచి ఏదో అంది. మామ మాత్రం మీటరు మీదనుంచి కన్ను తీయలేదు. "చూస్తివా" అన్నాడు, తనే కనిపెట్టిన నక్షత్రాన్ని చూపిస్తున్నంత సంబరంగా.

నీ కడుపులో ఏముందో నాకు తెలుసు, దాచాలని చూడకు. గోడనుంచి వచ్చే 230 వోల్టుల ఏసీని నువ్వు మొదట డీసీగా మారుస్తావు. అది 325 వోల్టుల దాకా పోతుంది, అందుకే నిన్ను ఇంట్లో విప్పి చూడకూడదు, ప్లగ్గు పీకినా కాసేపు షాకు కొట్టే పాటి నిల్వ నీలో ఉంటుంది. ఆ తర్వాత దాన్ని సెకనుకు వేలసార్లు ముక్కలు చేసి చిన్న ట్రాన్స్‌ఫార్మరులో దించి 12 వోల్టులు తీస్తావు. ఆ ముక్కలు ముక్కల కరెంటును చదును చేసి నిలకడగా ఇచ్చేది కెపాసిటరు. మేడ మీది ట్యాంకులాంటిది అది. కింద మోటరు ఆగినా, ఆగి ఆగి పోసినా, కొళాయిలో ధార తెగదు. ఒకేసారి నాలుగు కొళాయిలు తిప్పినా కాసేపు తట్టుకుంటుంది. ట్యాంకులో సగం మట్టి పేరుకుందనుకో. కొళాయిలన్నీ తిప్పినప్పుడు ధార సన్నబడుతుంది, మోటరు ఆగిన మరుక్షణం ఆగిపోతుంది. మా నోటుబుక్కులోని రెండు వరసలూ ఇవే: అందరూ నెట్టు లాగడం కొళాయిలన్నీ తిప్పడం లాంటిది, నీళ్ల మోటరు వేసినప్పుడో ఇన్వర్టరు అందుకున్నప్పుడో గోడ కరెంటు తడబడటం ట్యాంకు మోటరు ఆగడం లాంటిది. దెయ్యాలు రెండు కావు, ఎండిపోయిన కెపాసిటరు ఒక్కటే.

ఎందుకు ఎండుతుందంటే, అందులో అల్యూమినియం రేకుల మధ్య తడి రసాయనం ఉంటుంది. వేడికి అది మెల్లగా ఆవిరైపోతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగం, పది తగ్గితే రెట్టింపు అని ఇంజినీర్లు ఒక మోటు లెక్క వేస్తారు. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు నిలుస్తుందని రాసి ఉన్న కెపాసిటరు 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు నిలవాలి. ఏడాదికి 8,760 గంటలు, నిన్ను మేము ఎప్పుడూ ఆపింది లేదు. అంటే మూడున్నరేళ్లు దాటితే నువ్వు రిటైరు కావాల్సిన వయసే. చవకరకం 85 డిగ్రీల కెపాసిటరైతే అదే లెక్కలో ఏడాది కూడా నిండదు. మా హోసూరు సముద్రమట్టానికి దాదాపు 3 వేల అడుగుల ఎత్తు, ఫ్యాను లేకుండా నిద్రపట్టే రాత్రులు ఇంకా ఉన్న ఊరు. సూళగిరి దాటి కిందికి దిగి, బండల మధ్య కాగే కృష్ణగిరిలో మామిడికాయల కాలంలో నీ తోబుట్టువుల గతి ఏమిటో మా చెల్లెలింట్లో చూశాను. వాళ్లింట్లో అడాప్టరు ఇన్వర్టరు మీదే పెట్టి, దుమ్ము పడకూడదని పైన తుండుగుడ్డ కప్పారు! చెల్లెలు దుమ్మునుంచి కాపాడాననుకుంది.

ఇన్వర్టరు మాట వచ్చింది కాబట్టి నీ తరఫున ఒక మాట. కరెంటు పోయి బ్యాటరీ అందుకునే మధ్య సందు అంతా నీ తప్పు కాదు. చాలా ఇళ్ల ఇన్వర్టర్ల వెనక ఒక చిన్న స్విచ్చి ఉంటుంది, యూపీఎస్ అనీ నార్మల్ లేదా ఎకో అనీ. నార్మల్‌లో ఉంటే సందు 40 మిల్లీసెకన్ల దాకా పోవచ్చు. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది కాబట్టి ఇది రెండు ఊపుల కాలం. యూపీఎస్ వైపు తోస్తే ఇందులో నాలుగో వంతుకు తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న అడాప్టరు ఆ మాత్రం ఊపిరి బిగపట్టగలదు. ఈ స్విచ్చి ఉందని తెలియక ఏళ్ల తరబడి కంప్యూటర్లు ఆరిపోతుంటే ఈబీ అనే కరెంటు బోర్డు వాళ్లను తిట్టుకునే ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. అయితే యూపీఎస్‌లో పెడితే వోల్టేజి కొంచెం తగ్గినా ఇన్వర్టరు బ్యాటరీకి దూకుతుంది. లో వోల్టేజి ఎక్కువున్న పల్లెల్లో బ్యాటరీ త్వరగా అరుగుతుంది. అక్కడ రౌటరుకు మాత్రమే సరిపోయే 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి కొనుక్కోవడం మేలు.

నీతోపాటు దొరికే చిన్న దొంగలు ఇంకొందరు ఉన్నారు. వదులైపోయిన ఎక్స్‌టెన్షన్ బాక్సు, పిల్లలు తగిలి తగిలి వంగిన పిన్ను, టీవీ వెనక గాలాడని చోట ఉడికిపోయే రౌటరు. వాళ్లతో నాకు పెద్ద పని లేదు, తీగ కదిపి చూస్తే, పెట్టె మీద చెయ్యి పెట్టి చూస్తే వాళ్లు దొరికిపోతారు. మీటరుకే అబద్ధం చెప్పినవాడివి నువ్వు ఒక్కడివే.

కొత్త అడాప్టరు నేతాజీ రోడ్డులో కొన్నాం. కొట్టులో మా అబ్బాయి, రౌటరు కాలిపోతుందేమో, రెండు ఆంపియర్లది వద్దు అన్నాడు. ఈ భయం చాలామందికి ఉంది. వోల్టులు మాత్రం నీ ఒంటి మీద రాసినట్టే 12 ఉండాలి, 9 ఇచ్చినా 15 ఇచ్చినా గొడవే. ఆంపియర్లు మాత్రం ఉన్నదానికంటే ఎక్కువ ఉండొచ్చు. రౌటరు తనకు కావల్సినంతే లాక్కుంటుంది, ఎవరూ దాని నోట్లో కుక్కరు. తక్కువ ఉంటేనే ప్రమాదం. పిన్ను లావు సరిపోవాలి, లోపలి కొస ప్లస్సా మైనస్సా అన్న చిన్న బొమ్మ లేబులు మీద ఉంటుంది, అదీ కలవాలి. బీఐఎస్ గుర్తు కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉందో లేదో చూశాం. ఫుట్‌పాత్ మీద దొరికే వాటిలో కొన్నింటి మీద 12 వోల్టులు 2 ఆంపియర్లు అని రాసి ఉంటుంది, ఎత్తి చూస్తే కాగితమంత తేలిక. లోపల రాగీ, కెపాసిటరూ ఎంతుంటాయో ఆ తూకమే చెబుతుంది.

కొత్తది గుచ్చాక రౌటరు అప్‌టైము నెల దాటింది. మామ వచ్చి రోజూ మోటరు వేయించి చూస్తున్నాడు. ఆయనకు ఇంకో జబ్బు యంత్రం దొరికేదాకా మాకు తప్పదు.

నీ సంగతి. నిన్ను చెత్తబండిలో వేయం. ఎలక్ట్రానిక్ చెత్తకు 2022లో వచ్చిన నిబంధనలు 2023 ఏప్రిల్ 1నుంచి అమల్లో ఉన్నాయి, నువ్వు అలాంటి చెత్త సేకరించే పెట్టెలోకే వెళ్తావు. నా కోపం నీ మీద కంటే, నిన్ను గోడకు వదిలేసి నీ పక్కన ఉన్న రౌటరును పట్టుకుపోయిన పద్ధతి మీద ఎక్కువ. మా మొదటి రౌటరులో ఏ దోషమూ లేదు. చెడిపోయిందన్న ముద్రతో అది ఏ గోడౌనులో పడి ఉందో.

కాబట్టి ఇంటింటికీ తిరిగి రౌటర్లు బిగించే తమ్ముళ్లకు ఒక విన్నపం. రీబూట్ అవుతోందన్న ఫిర్యాదు వస్తే పెట్టె విప్పకముందు అడాప్టరు మార్చి ఒక రోజు చూడండి. బ్యాగులో ఒక మంచి 12 వోల్టుల అడాప్టరు ఎప్పుడూ ఉంచుకోండి. కొత్త రౌటరు బిగించాల్సి వస్తే బల్ల జరపడానికి మేమూ ఒక చెయ్యి వేస్తాం, పాత తోకను మాత్రం గోడకు వదిలి వెళ్లకండి.

ఇట్లు,
హోసూరునుంచి, నెలనెలా బిల్లు కట్టే ఒక ఇంటిపెద్ద